ఆవాహనే గాని ఉద్వాసన లేని పూజలు



తెలుగు పండితుడికి సాఫ్టువేరు ప్రాజెక్టులతో ఏం పని అని అడిగేవారు ఎలాగూ అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ముందే చెప్పి అసలు సంగతిలోకి వస్తాను. ఇవాళ రైతు పొలం కంప్యూటరులో ఉంది. పిల్లవాడి మార్కులు కంప్యూటరులో ఉన్నాయి. నా పింఛను అక్కడే ఉంది. మనం ఇన్నేళ్ళుగా వ్రాసుకొన్న టపాలూ వాటి కింద జరిగిన వాదాలూ అక్కడే ఉన్నాయి. చెరువుకట్ట గురించి మాట్లాడడానికి ఇంజనీరు కానక్కరలేదు, ఆ చెరువు కింద మడి ఉంటే చాలు. ఆ అధికారంతోనే ఈ టపా వ్రాస్తున్నాను.

నా వాదం సూటిగా చెబుతాను. మన సాఫ్టువేరు ప్రాజెక్టులకు ప్రారంభోత్సవాలు ఉన్నాయి గాని సమాపనం లేదు. సమాపనాన్ని చివరిరోజు కాగితాల పనిగా చూడడమే ఇందుకు కారణం. అది మొదటిరోజే వ్రాసిపెట్టుకోవలసిన పని. అట్లా వ్రాసిపెట్టని ప్రాజెక్టును మొదలుపెట్టడం అపరాధమే అవుతుంది. ఎందుకంటే దాని నష్టం కట్టించినవాడికీ తగలదు, కట్టినవాడికీ తగలదు. వరుసలో చివర నిలబడినవాడికి తగులుతుంది.

మన సంప్రదాయంలో ముగింపు లేని పని లేదు. పూజలో ఆవాహన చేసిన దేవతకు చివర ఉద్వాసన చెబుతాము. యజ్ఞానికి పూర్ణాహుతి ఉంది, ఆ తరువాత అవభృథస్నానం ఉంది, ఋత్విక్కులకు దక్షిణ ఉంది. వినాయకుణ్ణి కూర్చోబెట్టేనాడే నిమజ్జనం ఏనాడో పందిట్లో అందరికీ తెలుసు. పురాణానికి ఫలశ్రుతి ఉంది. ప్రబంధంలో ప్రతి ఆశ్వాసం చివర గద్య ఉంటుంది. ఈ కవి ఎవరు, ఎవరి కుమారుడు, ఇది ఏ కావ్యం, ఇప్పటికి ఎన్నో ఆశ్వాసం ముగిసింది అన్నీ అందులో ఉంటాయి. తాటాకు ప్రతి వ్రాసిన లేఖకుడు సైతం చివరి ఆకు మీద తిథివారాలు వేసి, తన పేరు చెప్పి, చూసిన ప్రతిలో ఉన్నట్లే వ్రాశాను, తప్పులుంటే మన్నించండి అని ముగించేవాడు. నేటి భాషలో చెప్పాలంటే అది తెలిసిన లోపాలను ఒప్పుకొంటూ ఇచ్చిన అప్పగింత పత్రం. ఇంతటి అలవాటు ఉన్న జాతి, లక్షలమంది పిల్లల్ని సాఫ్టువేరు పనికి పంపిన జాతి, ఆ పనిలో మాత్రం ముగింపును ఎందుకు మరిచిపోయిందో నాకు అంతుపట్టదు.

మా మధిర ప్రాంతం నాగార్జునసాగరు ఎడమకాలువ చివరి భాగానికి దగ్గర. ఆ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. డ్యాము దగ్గర నిలబడినవాడికి ఆ రోజుతో ప్రాజెక్టు పూర్తయినట్లే. కాలువ చివరి భూముల రైతుకు మాత్రం తన తూములోకి నీళ్ళు వచ్చిననాడు పూర్తవుతుంది. ఈ రెండు రోజుల మధ్య ఎంత దూరం ఉంటుందో కాలువ చివర బ్రతికేవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. సాఫ్టువేరు వాళ్ళు గో లైవ్ అని పండుగ చేసికొనేది డ్యాము గేటు ఎత్తిన రోజు. సమాపనం అన్నది చివరి మడి తడిసిన రోజు.

ఇక అసలు ఉదాహరణకు వస్తాను. దూరం పోనక్కరలేదు. మన తెలంగాణలోనే, మన పట్టాదారు పాసుపుస్తకాల్లోనే ఉంది.

2017 సెప్టెంబరు 15న భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. వివాదం లేని భూముల్ని 'ఎ' భాగంలోనూ, వివాదం ఉన్నవాటిని 'బి' భాగంలోనూ వేశారు. ఆ పనికి ఇదొక మెట్టు. 'బి' భాగాన్ని తేల్చినప్పుడే ఆ మెట్టు ముగుస్తుంది. అది తేలకుండానే తరువాతి మెట్టు ఎక్కారు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టలు ప్రారంభమైంది. నవంబరు 2 నుంచి తహసీలుదారు కార్యాలయాల్లో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే చోట, ఒకే రోజున అన్నది మంచి ఆలోచనే. చిక్కు లేని భూమి ఉన్నవాడికి పని త్వరగా అయింది. ఆ మేలును కాదనను. చిక్కు ఉన్నవాడి గతి ఏమిటన్నదే నా ప్రశ్న. ఒక వ్యవస్థ మంచిచెడ్డలు తేలేది చిక్కు ఉన్నవాడి దగ్గరనే.

పాత వ్యవస్థకు ఎట్లా ఉద్వాసన చెప్పారో చూడండి. 2020 సెప్టెంబరు 7న రాష్ట్రమంతటా గ్రామ రెవెన్యూ అధికారుల దగ్గరి రికార్డుల్ని ఒక్క పూటలో స్వాధీనం చేసికొన్నారు. ఆ వెంటనే శాసనసభలో చట్టం చేసి ఆ పదవినే రద్దు చేశారు. వారిలో అవినీతిపరులు ఉండవచ్చు. వారిని శిక్షించడం వేరు, వారి బుర్రలో ఉన్న ఊరి భూగోళాన్ని పారవేయడం వేరు. ఏ సర్వేనంబరులో ఏ గట్టు ఎక్కడికి జరిగిందో, ఏ అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకొన్నారో, కాగితంలో చనిపోయినవాడి పేరున ఉన్న పొలాన్ని వాస్తవంలో దున్నుతున్నది ఎవరో వారికి తెలుసు. పుస్తకాలు తీసికొన్నారు, ఆ తెలివిడిని తీసికొనలేదు. 2022లో వారిని ఇతర శాఖలకు సర్దివేశారు. చివరికి ఏమైంది? 2025 సెప్టెంబరులో గ్రామపాలనాధికారులన్న కొత్త పేరుతో మళ్ళీ ఊరికొక మనిషిని పెట్టవలసి వచ్చింది. మునుపటి వీఆర్వోలూ వీఆర్ఏలలోనుంచే పరీక్ష పెట్టి చాలామందిని ఎంచుకొన్నారు. ఒక్క పూటలో తెంచినదాన్ని తిరిగి ముడివేయడానికి అయిదేళ్ళు పట్టింది.

సాదాబైనామాల కథ దీనికన్నా బాధాకరం. తెల్లకాగితం మీద వ్రాసికొని భూమి కొన్న సన్నకారు రైతులు క్రమబద్ధీకరణకు దరఖాస్తు చేసుకోవడానికి 2020 అక్టోబరు 12 నుంచి గడువు ఇచ్చారు. ఆ గడువును నవంబరు 10 దాకా పొడిగించారు. ఈ దరఖాస్తులు 1971 నాటి చట్టం ఆధారంగా తీసికొన్నవి. ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం అక్టోబరు 29న అమలులోకి వచ్చింది. అంటే ఒక వాకిట వరుస నిలబడి ఉండగానే వెనక గది గోడ కూల్చివేశారు. కొత్త చట్టంలో వీటికి చోటు లేదు. వ్యవహారం హైకోర్టుకు ఎక్కి నిలిచిపోయింది. అట్లా నిలిచినవి తొమ్మిది లక్షలకు దగ్గరగా ఉన్నాయని పత్రికలు వ్రాశాయి. 2025లో కొత్త చట్టంతోనూ హైకోర్టు స్టే ఎత్తివేతతోనూ వాటికి మళ్ళీ కదలిక వచ్చింది. ఇక్కడ సాఫ్టువేరు చెడిపోలేదు. ఎవరూ కంప్యూటరులోకి చొరబడలేదు. పాతదాన్ని మూసేముందు అందులో మిగిలిన పనులేమిటి, అవి ఏ నియమం కింద ఎవరి చేతికి పోతాయి అన్న ఒక్క పట్టిక లేకపోయింది. ఆ ఒక్క పట్టిక విలువ అయిదేళ్ళ నిరీక్షణ.

ధరణి కూడా అట్లాగే పెరిగింది. మొదట తప్పు దిద్దుకొనే దారి సరిగా లేదు. రైతులు మొత్తుకొన్నకొద్దీ ఒక్కొక్క మాడ్యూలు తగిలిస్తూ ముప్పై దాటించారు. ఏ కష్టానికి ఏ మాడ్యూలో తెలియక మీసేవా కేంద్రాల వద్ద మనుషులు తిరిగారు. పూర్తి కావడమంటే ఏమిటో ముందు చెప్పుకోని ప్రాజెక్టు ఇట్లాగే మొక్కకు అంటు మీద అంటు కట్టినట్లు పెరుగుతుంది.

ఆపైన 2023 ఎన్నికలు వచ్చాయి. ధరణిని బంగాళాఖాతంలో పడవేస్తామన్న మాట సభల్లో మారుమ్రోగింది. నాకు రాజకీయాలతో పనిలేదు. పండితుడిగా ఆ మాటలోని ఉపమానంతోనే నా పేచీ. సాఫ్టువేరును సముద్రంలో పడవేయడం సాధ్యం కాదు. పోర్టలు పేరు మారుతుంది, తెర రంగు మారుతుంది. లోపలి ఖాతాలు, సర్వేనంబర్లు, వాటిలోని తప్పులు మాత్రం కొత్త ఇంటికి మూటగట్టుకొని వస్తాయి. ఇల్లు మారినప్పుడు పాత ఇంటి బొద్దింకలు పెట్టెల్లో వచ్చినట్లు.

న్యాయం చెప్పాలి గనుక చెబుతాను. ఈసారి కొన్ని పనులు క్రమంగా జరిగాయి. 2024 జనవరిలో కమిటీ వేశారు. అదే సంవత్సరం చివర పోర్టలు నిర్వహణను ప్రైవేటు సంస్థ నుంచి ప్రభుత్వ సంస్థ అయిన ఎన్ఐసీకి అప్పగించారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి ప్రారంభమైంది. రాష్ట్రమంతటా ఒకేసారి మోపకుండా ముందు నాలుగు మండలాల్లో పరీక్షించారు. అందులో మా ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసికొన్నారు. 2020 చట్టంలో లేని అప్పీళ్ళకు మళ్ళీ చోటిచ్చారు. ఇవన్నీ మెచ్చదగినవే. అయితే అర్జీ తీసికోవడం ప్రారంభమే. ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్ని తేలాయి, ఎన్ని ఏ కారణంతో తిరస్కరించారు అన్న పట్టిక ప్రతి గ్రామచావడి గోడ మీదా అతికించిననాడు ధరణి ముగిసిందని నేను ఒప్పుకొంటాను. అంతదాకా దాని పేరు మారింది, అంతే. రేపు మరొక ప్రభుత్వం వచ్చి భూభారతికి మరొక సముద్రం చూపించదని ఎవరు హామీ ఇవ్వగలరు? ఆ హామీ ఇవ్వగలిగింది ఇవాళే వ్రాసిపెట్టుకొన్న సమాపన పత్రం ఒక్కటే.

ఇక్కడ సాహిత్యమిత్రులు ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. అయ్యా, మన మహాభారతమే సగంలో ఆగింది గదా, నన్నయగారు ఏ సమాపన ప్రణాళిక వ్రాసిపెట్టారు, అయినా పూర్తి కాలేదా అని. మంచి ఆక్షేపణే. పదకొండవ శతాబ్దిలో నన్నయ ఆది, సభాపర్వాలు ముగించి అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసంలో ఆగాడు. పదమూడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం మొదలుకొని పదునైదు పర్వాలు వ్రాశాడు. పదునాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన వచ్చి అరణ్యపర్వ శేషాన్ని పూరించాడు. పూరించి, దాన్ని తన ప్రభువుకు కాక రాజరాజనరేంద్రుడికే అంకితంగా నడిపాడు. మూడు శతాబ్దాలు, ముగ్గురు కవులు, మూడు ఆస్థానాలు, అయినా గ్రంథం ఒక్కటే అయింది.

ఎందుకయింది? మూడు కారణాలు. మొదటిది, వ్యాసుడి మూలం అందరి చేతిలోనూ ఉంది. ఏమి చేయాలన్నది ఒక మనిషి బుర్రలో దాగిలేదు. రెండవది, పర్వాలు పద్దెనిమిది అన్న లెక్క స్థిరం. మధ్యలో ఎవరూ పంతొమ్మిదోది కలపలేదు. మూడవది, నన్నయ ఎక్కడ ఆగాడో పద్యంతో సహా తెలుసు. ఎఱ్ఱన ఎక్కడ అందుకోవాలో వెదుక్కోనక్కరలేకపోయింది. మూలం, పట్టిక, సరిహద్దు. ఈ మూడూ ఉంటే కవి పోయినా కావ్యం నిలుస్తుంది. మన సాఫ్టువేరు ప్రాజెక్టుల్లో ఈ మూడింటిలో ఏది ఉంది? కోరినదేమిటో కాగితం మీద స్పష్టంగా ఉండదు. చేయవలసినవాటి లెక్క నెలనెలా మారుతుంది. ఎక్కడిదాకా అయిందో చెప్పగల పిల్లవాడు అప్పటికే వేరే కంపెనీకి వెళ్ళి ఉంటాడు. అందుచేత భారతం నా వాదానికి ఎదురుసాక్ష్యం కాదు, నా వైపు సాక్ష్యమే.

ఎదురు ఉదాహరణ కావాలంటే మా పొరుగునే ఉంది. మధిరకు దగ్గరలోని పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొన్నారు. మూడు సంపుటాలు తెచ్చారు. 1923లో ఆయన పోవడంతో అది ఆగింది. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తలకెత్తుకొన్నా ఆ ఊపు మళ్ళీ రాలేదు. మహానుభావుడి పని, లోపం వెదకడం నా ఉద్దేశం కాదు. ఒక్క మనిషి భుజం మీద నిలిచిన పనికి ఆ భుజం లేకపోతే ఏమవుతుందో చెప్పడమే ఉద్దేశం. ఇవాళ ప్రతి ఆఫీసులోనూ ఇదంతా ఫలానా అబ్బాయికే తెలుసు అనే మాట వింటాము. ఆ మాట విన్న రోజే ఆ ప్రాజెక్టు ప్రమాదంలో పడిందని అర్థం.

మన సంగతి చూసుకొందాం. 1990ల చివర తెలుగు పత్రికలు తలా ఒక ఫాంటు తెచ్చుకొని జాలానికెక్కాయి. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు. ఫాంటు ఆగిననాడు పాత సంచికల గతి ఏమిటని ఎవరూ అనుకోలేదు. యూనికోడు వచ్చాక పద్మ వంటి పనిముట్లు చేసి వాటిని చదవగలిగేట్లు చేసినవారు ఔత్సాహికులే. జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. గూగుల్ రీడరు 2013 జులై 1న పోయింది. యాహూ గుంపుల్లో ఏళ్ళ తరబడి జరిగిన తెలుగు చర్చల్ని మీరు మరిచి ఉండరు. 2019 అక్టోబరులో చెప్పి డిసెంబరులో పాత సరుకు తీసివేయడం మొదలుపెట్టారు, 2020 డిసెంబరు 15న మొత్తం మూసివేశారు. మరి ఆర్కుట్ ఏం చేసింది? 2014 జూన్ 30న ప్రకటించి, సెప్టెంబరు 30న మూసి, తమ సరుకు దించుకోవడానికి వాడుకరులకు 2016 సెప్టెంబరు దాకా గడువు ఇచ్చింది. రెండూ మూతలే. ఒకటి అద్దెదారును సామానుతో సహా రోడ్డు మీదికి నెట్టడం, మరొకటి బండి మాట్లాడుకొనేదాకా ఆగడం.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా గురించి ఒక మాట. మన రాజ్ రెడ్డిగారు తలపెట్టిన పదిలక్షల పుస్తకాల సంకల్పంలోనుంచి వచ్చిన మహత్కార్యం అది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద భాగస్వామి. ఎక్కడా దొరకని తెలుగు గ్రంథాలు ఇంటినుంచి చదువుకొన్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. 2017 ప్రాంతంలో ఆ గూడు అందకుండా పోయింది. ఇవాళ ఆ పుస్తకాలు చదవగలుగుతున్నామంటే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ వారి వద్ద ప్రతులు ఉండబట్టి. లక్షల పుటలు స్కాను చేయడానికి డబ్బూ శ్రమా వెచ్చించినవారు, ఆపవలసివస్తే ఈ సొత్తు ఎవరికి అప్పగించాలన్న ఒక్క పేరాకు ముందుగానే చోటు ఇచ్చి ఉంటే, మనం పరాయివాడి దయ మీద ఆధారపడవలసి వచ్చేది కాదు.

ఇక ఆక్షేపణలు. సాఫ్టువేరు మిత్రులు నాతో తరచుగా అనేది ఒకటుంది. మాస్టారూ, సాఫ్టువేరుకు ముగింపు ఉండదండీ, అది నిరంతరం మారుతూనే ఉంటుంది అని. ఇది పెళ్ళినీ కాపురాన్నీ కలగలపడం. కాపురం నిరంతరమే. పెళ్ళికి మాత్రం లగ్నం ఉంది, అప్పగింతలు ఉన్నాయి, పందిరి విప్పే రోజు ఉంది, వంటవాడికి లెక్క తేల్చే ఘడియ ఉంది. అప్పగింతలు జరగకుండా కాపురం మొదలైతే ఆ పిల్ల బాధ్యత ఎవరిదో తేలదు. ప్రాజెక్టు పెళ్ళి వంటిది, వాడకం కాపురం వంటిది.

రెండవ ఆక్షేపణ, మొదట్లోనే ముగింపు మాట ఎత్తడం అపశకునమని. వీలునామా వ్రాసినవాడు మరునాడే పోడు. చేతిలో పనినిబట్టి ఆలోచించిన పెద్దమనిషి అనిపించుకొంటాడు.

మూడవది, డబ్బూ సమయమూ లేవని. ముగింపు తేదీ జరపరానిదైతే సమయం ఎట్లా దొరుకుతుందో ఒకసారి చూశాము. 1999లో సంవత్సరాన్ని రెండంకెల్లో వ్రాసిన పాత ప్రోగ్రాములన్నీ దిద్దే పని వచ్చింది. అమీర్‌పేటలో కోబాలు నేర్చుకొని మన పిల్లలు వేలసంఖ్యలో ఆ పనికి వెళ్ళారు. 2000 జనవరి 1 అన్నది పంచాంగంలో ఉన్న గడువు. ఏ మంత్రీ వాయిదా వేయలేడు. ఏమి పరీక్షించాలి, ఎవరు సంతకం పెట్టాలి, ఆ రాత్రి ఎవరు మేలుకొని ఉండాలి అన్నీ ముందే వ్రాసుకొన్నారు. పెద్ద ఉపద్రవం లేకుండా తెల్లవారింది. అయితే ఆ ప్రాజెక్టు కూడా ఒక పని మరిచింది. గడువు దాటాక ఆ పిల్లలు ఏం చేయాలో ఎవరూ అనుకోలేదు. ఆ వెంటనే అమెరికాలో మాంద్యం వచ్చి చాలామంది పెట్టె సర్దుకొని వచ్చారు. యజ్ఞం చేయించి ఋత్విక్కులకు దక్షిణ మరిచినట్లయింది.

బడిపంతుళ్ళకు ఈ విద్య కొత్త కాదు. ప్రధానోపాధ్యాయుడు బదిలీ అయితే చార్జి అప్పగించనిదే కదలడానికి లేదు. హాజరు పట్టీలు, అడ్మిషన్ రిజిస్టరు, క్యాష్‌బుక్కు, టి.సి. పుస్తకంలో వాడినవెన్ని మిగిలినవెన్ని, బీరువా తాళాలు, విరిగిన బెంచీల లెక్క సహితం వ్రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. విరిగిన బెంచీని విరిగిందనే వ్రాయాలి, అదే ఆ పత్రానికి ప్రాణం. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో ఒక కార్యాలయంవారు పిల్లల వివరాలు ఎక్కించే ప్రోగ్రాము ఒకటి పంపారు. రాత్రిళ్ళు కూర్చొని ఎక్కించాము. ఏడాది తిరిగేసరికి కొత్త ప్రోగ్రాము వచ్చింది, పాతది తెరుచుకోవడం మానింది, అవే పేర్లు అవే పుట్టినతేదీలు మళ్ళీ మొదటినుంచి ఎక్కించాము. మా బడిలో సుద్దముక్కల పెట్టె అప్పగించడానికి ఉన్న పద్ధతి, వేలమంది పిల్లల వివరాలు అప్పగించడానికి లేకపోయింది.

కాబట్టి విమర్శతో ఆపకుండా, ఏ ప్రాజెక్టుకైనా మొదటిరోజు సంతకాల కాగితంతో పాటు జతపరచవలసిన సమాపన పత్రం ఎట్లా ఉండాలో నాకు తోచినంత వ్రాస్తున్నాను.

1. పూర్తి అంటే ఏమిటో వాడేవాడి మాటల్లో వ్రాయాలి. పోర్టలు తెరుచుకొంది అన్నది గీటురాయి కాదు. తన ఖాతా వివరాలు సరిగా ఉన్నాయని రైతు చదివించుకొని సంతకం పెట్టాడు అన్నది గీటురాయి.

2. మిగులు పట్టిక ఉండాలి. చేయదలచి చేయనివి, తెలిసీ దిద్దనివి, ఒక్కొక్కటీ ఎవరి బాధ్యతో, ఎప్పటిలోగానో. సున్నా మిగులు అని వ్రాసిన పట్టికను నమ్మరాదు.

3. సోర్సు కోడు, డేటా, తాళంచెవుల వంటి సంకేతపదాలు, వాడుక పుస్తకం అన్నీ సొంతదారుకు చేరాలి. వాడుక పుస్తకం తెలుగులో ఉండాలి. చేరినట్లు రుజువు ఏమిటంటే, పాత బృందం చేయి వేయకుండా కొత్త బృందం ఒక నెల నడిపి చూపడం.

4. పాతదాన్ని మూసే క్రమం ఉండాలి. కొంతకాలం రెండూ పక్కపక్కన నడవాలి. పాత వరుసలో నిలబడినవాడి పని పాత నియమం కిందనే తేలాలి, లేదా కొత్త నియమంలో అతడికి పేరు పెట్టి చోటివ్వాలి. పాత రికార్డు మార్చడానికి వీలు లేకుండా, చదవడానికి వీలుగా భద్రపడాలి.

5. పని తెలిసిన మనుషుల తెలివిడిని వారు వెళ్ళకముందే వ్రాయించుకోవాలి. వారి తరువాతి పని ఏమిటో కూడా ఆలోచించాలి.

6. ఆఖరు వాయిదా సొమ్ము ప్రారంభోత్సవానికి కాక సమాపనానికి ముడిపడాలి. ఇల్లు కట్టే మేస్త్రీకి సున్నం వేసేదాకా కొంత సొమ్ము ఆపుకోవడం మనందరికీ తెలిసిన పద్ధతే.

7. ఏమి సాగింది, ఏమి సాగలేదు అన్నది వ్రాసి నలుగురికీ అందుబాటులో పెట్టాలి. ప్రజల సొమ్ముతో కట్టినదైతే ఇది ప్రజల హక్కు.

ప్రాజెక్టు నిర్వహణ గ్రంథాల్లోనూ ఆరంభం, ప్రణాళిక, నిర్వహణ, పర్యవేక్షణ, సమాపనం అని అయిదు భాగాలు చెప్పారని నా శిష్యుడొకడు అన్నాడు. పరీక్షకు చదివారట, పాసయ్యారట, చేతిలో సర్టిఫికెట్లు కూడా ఉన్నాయట. చదివింది ఆచరణలో లేనప్పుడు అది విద్య కాదు, వల్లెవేత. నేను ముప్పై ఏళ్ళు ఛందస్సు చెప్పాను. గణాలు అప్పజెప్పి ఒక్క పద్యం కట్టలేని పిల్లల్ని చూశాను. వారివల్ల ఎవరి పొలమూ పోలేదు.

మన బ్లాగ్మిత్రుల్లో సగానికి సగం ఆ రంగంవారే. ఒకప్పుడు లేఖినితో తొలి తెలుగు వాక్యం వ్రాసి మురిసిన కుర్రవాళ్ళు ఇవాళ పెద్ద పెద్ద ప్రాజెక్టులకు నాయకులు. ఈ టపా ప్రధానంగా వారికోసమే. వచ్చేసారి తొలి సమావేశంలో అందరూ ప్రారంభోత్సవం తేదీ గురించి మాట్లాడుతూ ఉంటారు. అప్పుడు మీరు ఆఖరి పుట ఎక్కడుందండీ అని అడగండి. మొదట నవ్వుతారు. రెండోసారీ అడగండి. ఆ పుట ఖాళీగా ఉంటే దాని మూల్యం మీ జీతంలోనుంచి పోదు. నేలకొండపల్లిలోనో, ఎఱ్ఱుపాలెంలోనో, బోనకల్లులోనో పాసుపుస్తకం పట్టుకొని బస్సెక్కే మనిషి ఒక రోజు కూలిలోనుంచి పోతుంది.

విభేదించేవారు వ్యాఖ్యలలో నిరభ్యంతరంగా విభేదించవచ్చు. ఒక్క షరతు, మీరు సక్రమంగా ముగించిన ప్రాజెక్టు ఒకటి చెప్పి మరీ విభేదించండి. చదివి నేర్చుకొంటాను.

స్వస్తి.